ఎర్ర బనీనాయన తల్లి ఆపరేషన్

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం హన్మకొండలో మా ఇంటి హాలులో కూర్చొని, ముప్పై ఏళ్లు దాటిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌ను మొదటినుంచి చివరిదాకా చూసి కళ్లు తుడుచుకున్నాను. నా భార్య వంటింట్లోంచి తొంగి చూసి, గెలిచిన్రా ఓడిన్రా అని అడిగింది. ఓడిపోయారని చెప్పాను.

"అప్పుడు సుత ఓడిపోయిందే గదా. ఇప్పుడు కొత్తగ ఏడుసుడేంది?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. మా ఇంట్లో పాత జ్ఞాపకాలకు దొరికే గౌరవం ఇంతే.

ఆ మ్యాచ్‌ను నేను వెతకలేదు. వెతకడానికి ఆ రెండు క్లబ్బుల పేర్లు కూడా అప్పటికి నాకు తెలియవు. ఇది కొంచెం సిగ్గుపడాల్సిన సంగతే, ఎందుకంటే ఒకప్పుడు ఆ మ్యాచ్‌కు నేనే తెలుగులో వ్యాఖ్యానం చెప్పాను. ఒక ఊరు ఊరంతా కూర్చొని విన్నది. యూట్యూబ్ తనంతట తానే ఆ మ్యాచ్‌ను నా ముందు పెట్టింది. తెల్ల బనీన్ల జట్టు ఒకటి, ఎర్ర బనీన్ల జట్టు ఒకటి. ఎర్రవాళ్లలో ఒకతని తలకు కట్టు, ఇంకొకతనికి నున్నటి బట్టతల. ఆ బట్టతలను చూడగానే గుర్తుపట్టాను. మనిషిని చూసిన సంతోషం సగం, చేసిన పని గుర్తొచ్చిన భయం సగం.

మా ఊరు తొర్రూరు దగ్గర. ఊళ్లో ఒక వాడంతా మేము, కతోలికులం. అప్పట్లో మా చర్చికి కేరళ నుంచి ఒక ఫాదర్ వచ్చాడు. మంచివాడు. ఆయన తెలుగు మాత్రం సెమినరీ పుస్తకాల్లోంచి నేరుగా దిగివచ్చిన తెలుగు. మంచినీళ్లు కావాలంటే, "ప్రియ సహోదరీ, నా దాహము తీర్చుము" అనేవాడు. మా వాళ్లు ఆయన అడిగింది అర్థం చేసుకొని నీళ్లు ఇచ్చేసరికి ఆయన దాహం దానంతట అదే తీరిపోయేది. మా భాష ఆయనకు అంతకంటే తక్కువ అర్థమయ్యేది.

ఫాదర్‌కు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఊరి పోరగాళ్లకు ఒక బంతి కొనిచ్చాడు. వాళ్లు దాన్ని చంకలో పెట్టుకొని పరుగెత్తేవాళ్లు, మిగతావాళ్లు వెంటపడి కబడ్డీలో లాగా కింద పడేసేవాళ్లు. ఫాదర్ నెల రోజులు చూసి, వీళ్లకు అసలు ఆట చూపిస్తే తప్ప లాభం లేదనుకున్నాడు. గల్ఫ్‌లో ఉన్న ఆయన తమ్ముడు విదేశీ క్లబ్బుల మ్యాచ్ క్యాసెట్ ఒకటి పంపించాడు. క్రిస్మస్ తర్వాతి ఆదివారం, పూజ అయ్యాక, తొర్రూరు నుంచి టీవీ, వీసీఆర్ కిరాయికి తెప్పించి చర్చి పక్క హాలులో పెట్టించాడు.

మా ఊళ్లో టీవీ, వీసీఆర్ కిరాయికి వచ్చాయంటే సినిమా అని అర్థం. చర్చి గడప ఎన్నడూ తొక్కని రైతులు, కూలీలు కూడా పిల్లల్ని చంకనేసుకొని వచ్చారు. హాలు నిండింది, కిటికీలు నిండాయి. ఫాదర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫుట్‌బాల్ మీద ఇంత ప్రేమ దాచుకున్న ఊరిని తాను ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నానని బాధపడ్డాడు.

క్యాసెట్‌లో వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంది. ఫాదర్ నన్ను పిలిచి టీవీ పక్కన నిలబెట్టాడు. "ఈ సహోదరుడు వరంగల్ పట్టణమందు ఆంగ్లము చదువుచున్నాడు. ఇతడు మీకు సమస్తమును వివరించును" అని ప్రకటించాడు.

నేను వరంగల్‌లో ఇంటర్ చదువుతున్న మాట నిజం. ఆంగ్లం కూడా చదువుతున్నాను. అయితే నెల కిందటి పరీక్షలో సరిగ్గా ఆ ఒక్క సబ్జెక్టే తప్పాను. ఈ రెండో సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కాబట్టి, అప్పటికప్పుడు నిండు సభలో చెప్పడం బాగుండదనిపించింది.

మ్యాచ్ మొదలైంది. ఆ వ్యాఖ్యాత నోట్లో వేడి ఆలుగడ్డ పెట్టుకొని మాట్లాడుతున్నట్టున్నాడు. నాకు 'గోల్' తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు, అది కూడా అరగంట దాకా రాలేదు. జనం ఓపికగా చూశారు. చివరికి ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన నోరు విప్పాడు.

"హీరో ఎవలు రా?"

"హీరో ఉండడు పెద్దయ్యా. ఇది ఆట."

"హీరోయిన్?"

"ఆమె సుత ఉండదు."

"మరేం సినిమా రా ఇది! పాండ్రి, పత్తి ఏరుకుందాం" అని ఆయన లేచి తుండు దులిపాడు. ఆయన వెనక ఇంకో పదిమంది లేచారు. నేను ఫాదర్ వైపు చూశాను. పెళ్లి పందిట్లో నుంచి వియ్యంకులు లేచిపోతుంటే ఆడపిల్ల తండ్రి చూసినట్టు చూస్తున్నాడు. ఆ మొహం చూడలేక నేను నోరు తెరిచాను.

"ఎర్ర బనీన్లోళ్లు పేదోళ్లు. తెల్ల బనీన్లోళ్లు దొర దిక్కోళ్లు."

లేచినవాళ్లందరూ కూర్చున్నారు.

ఆ తర్వాత నాకు ఇంగ్లీషుతో అవసరమే పడలేదు. జనం అడిగారు, నేను చెప్పాను. నల్ల బట్టలేసుకొని ఈల ఊదేటాయన ఎవరు? దొర బావమరిది. ఆ ఒక్క మాటతో రిఫరీ ఈల ఊదినప్పుడల్లా హాలంతా ఆయన వంశాన్ని తలచుకోవడం మొదలుపెట్టింది. గా పిలగాని తలకు కట్టెందుకున్నది? దొర మనుషులు కొట్టిన్రు. ఫాదర్‌కు ఈ మాటలేవీ అర్థం కావడం లేదు. జనంలో ఉద్వేగం మాత్రం కనపడుతోంది. నా వైపు చూసి బొటనవేలు పైకెత్తాడు.

మా చిన్నమ్మ రెండో వరుసలో కూర్చుంది. అమ్మకు చెల్లెలు. నాలుగేళ్ల కూతురు ఒళ్లో ఉంది. చేతులు పత్తికాయలకు గీరుకుపోయి ఉన్నాయి. ఆమె బట్టతల ఆటగాణ్ణి చూపించి అడిగింది: "గాయిన మొఖం గట్ల గుంజుకపోయిందేంది బిడ్డా?"

ఆయన మొహం ఎందుకు అలా ఉందో ఆయనకే తెలియాలి. నేను తడుముకోకుండా చెప్పాను. "గాయిన తల్లి దవాఖానల ఉన్నది చిన్నమ్మా. ఇయ్యాల్నే ఆపరేషన్."

ఆ అబద్ధం కోసం నేను ఎక్కువ దూరం పోలేదు. ఆ వారమే మా అమ్మమ్మను కడుపులో గడ్డ అని వరంగల్ పెద్ద దవాఖానలో చేర్పించారు. అమ్మ ఆమె దగ్గర ఉంది. చిన్నమ్మకు పోవడానికి లేదు. పత్తి ఏరకపోతే నడవదు, ఇంట్లో చిన్నపిల్ల. అమ్మమ్మకు కూడా ఆపరేషన్ అన్నారు, ఎప్పుడో చెప్పలేదు.

చిన్నమ్మ ఒక్కసారి "అయ్యో కొడుకా" అంది. ఇక అక్కడినుంచి హాలులో ఎవరూ బంతిని చూడలేదు. అందరూ బట్టతలాయననే చూశారు. ఆయన పరుగెత్తితే తల్లి మందుల కోసం పరుగెత్తినట్టే అనిపించింది. ఎర్రవాళ్లు ఒక గోల్ వెనకబడ్డారు. చివర్లో వాళ్లకు పెనాల్టీ వచ్చింది. బట్టతలాయనే కొట్టాలి. హాలులో జపమాలలు బయటికి వచ్చాయి. జపమాల లేనివాళ్లు తమ తమ దేవుళ్లను తలచుకున్నారు. ఆయన కొట్టాడు. బంతి గోల్‌పోస్టు మీదుగా ఆకాశంలోకి పోయింది. ఆయన అక్కడే గడ్డిలో కూలబడి, బనీను పైకి లాక్కొని మొహం కప్పుకున్నాడు.

ఈసారి నేను చెప్పే అవసరం పడలేదు. చిన్నమ్మే చెప్పింది: "తల్లికి కష్టంగ ఉన్నదని ఎవలో చెవుల ఏసిన్రు. గందుకే ఏడుస్తాండు." కొంగు నోట్లో కుక్కుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెను చూసి ఆడవాళ్లందరూ ఏడ్చారు. పత్తి ఏరుకుందామన్న పెద్దాయన తుండుతో ముక్కు చీదుకున్నాడు.

ఫాదర్ నా దగ్గరికి వచ్చి, "వీరేల విలపించుచున్నారు?" అని అడిగాడు.

"ఎర్ర జట్టు ఓడిపోయింది కదా ఫాదర్" అన్నాను.

ఆయన పైకి చూసి చేతులు జోడించాడు. మర్నాడు రెండో బంతి కొన్నాడు.

తర్వాతి ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థన దగ్గర చిన్నమ్మ లేచి నిలబడి, "ఎర్ర బనీనాయన తల్లి ఆపరేషన్ మంచిగ కావాలె" అని ప్రార్థించింది. సభ మొత్తం "ప్రభువా, మా మనవి ఆలకించుము" అన్నది. తన చర్చి విచారణ కిందున్న ఊళ్లో ఒక ముసలామె జబ్బుపడితే తనకు తెలియకపోవడమా అని ఫాదర్ నొచ్చుకున్నాడు. ఎప్పుడూ ఎర్ర బనీను వేసుకొని తిరిగే మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఫాదర్ రోగులకు పూసే నూనె పట్టుకొని నేరుగా వాళ్లింటికి పోయాడు. ఆ తల్లి వాకిట్లో కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నూనెతో, బైబిల్‌తో వస్తున్న ఫాదర్‌ను చూసి, తనకు తెలియకుండా తనకేదో అయిందనుకొని కుప్పకూలింది. నేను ఆ సాయంత్రమే సెలవులు ఇంకా మిగిలుండగా వరంగల్ బస్సెక్కాను.

అమ్మమ్మ ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చి ఇంకో ఎనిమిదేళ్లు బతికింది. ఫాదర్ బదిలీ అయిపోయాడు. నేను తప్పిన పరీక్ష మళ్లీ రాసి, చదివి, చివరికి హసన్‌పర్తి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నాను. స్పష్టంగా, నిజాయితీగా మాట్లాడటం ఎలాగో పిల్లలకు నేర్పుతాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు.

ఇప్పుడు ఆ మ్యాచ్‌లో వ్యాఖ్యాత చెప్పేది ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది. పేదవాళ్లని నేను ఊరంతటితో కన్నీళ్లు పెట్టించిన ఎర్ర జట్టు, ఆ దేశంలోకెల్లా ధనిక జట్టట. బట్టతలాయన అందరికంటే ఎక్కువ ధర పెట్టి కొన్న ఆటగాడట. తెల్లవాళ్లది ఒక చిన్న పట్నం. మొదటిసారి అంత పెద్ద పోటీ దాకా వచ్చారు. సగంమంది పొద్దున వేరే పనులు చేసుకొని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చిన రోజులున్నాయట. అంటే మా ఊరు ఊరంతా ఆ మధ్యాహ్నం దొరల కోసం ఏడ్చింది. నా వ్యాఖ్యానం పుణ్యమా అని.

ఈ సంగతి అక్కడితో ఆపేస్తే సరిపోయేది. నోరు ఊరుకోదు కదా. చిన్నమ్మకు ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాటగా, "ఫాదర్ టీవీల చూపించిన ఆట మళ్ల దొరికింది చిన్నమ్మా" అన్నాను. ఆమె ఇప్పుడు హన్మకొండలోనే కూతురు దగ్గర ఉంటుంది. కూతురు, అంటే ఆనాడు ఒళ్లో ఉన్న పిల్ల, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చింది. ఇంగ్లీషు నాకంటే బాగా మాట్లాడుతుంది.

తర్వాతి ఆదివారం చర్చి అయిపోగానే తల్లీకూతుళ్లు మా ఇంట్లో దిగారు. చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకొని, కళ్లద్దాలు తుడుచుకొని, టీవీకి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేయించుకుంది. నేను మ్యాచ్ పెట్టాను. ఇంగ్లీషు వ్యాఖ్యానం మొదలైంది.

"గాయిన్ని బంద్ పెట్టు. నువ్వు చెప్పు" అంది చిన్నమ్మ.

నేను శబ్దం తీసేశాను. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, ఆమెకే అన్నీ గుర్తున్నాయి. కట్టు కట్టుకున్న పిల్లాడు కనపడగానే, "వీన్నే దొర మనుషులు కొట్టింది" అని కూతురికి చెప్పింది. రిఫరీ ఈల ఊదితే, "వీని చేతులిరగ" అంది. మా చెల్లె నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. పెనాల్టీ వచ్చింది. బంతి ముప్పై ఏళ్ల కిందట పోయినట్టే పైకి పోయింది. బట్టతలాయన గడ్డిలో కూలబడ్డాడు. చిన్నమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంతకు ఆయన తల్లి బతికిందా బిడ్డా?"

ఇన్నేళ్లు ఆ ప్రశ్న అడక్కుండా ఎలా ఉండగలిగిందో. నేను నిజం చెప్పేద్దామనుకున్నాను. వయసు వచ్చింది, ఉద్యోగం ఉంది, ఇంగ్లీషు కూడా వచ్చింది.

"చిన్నమ్మా, అప్పుడు నేను చెప్పిందంత ఉత్తదే. నాకు ఇంగ్లీషు రాకపోయేది. జనం లేచి పోతాంటే ఏదో ఒకటి చెప్పిన. ఆయన తల్లి దవాఖానల లేదు."

ఆమె నన్ను తేరిపార చూసింది. "సచ్చిపోయిందా?"

"సచ్చిపోవుడు కాదు. అసలు రోగమే లేదు."

"ఎందుకు దాస్తానవ్ బిడ్డా? ముప్పై ఏండ్లాయె. సచ్చిపోతే సచ్చిపోయిందని చెప్పు, నేనేం ఏడ్వ." ఆ మాట పూర్తి కాకముందే కళ్లద్దాల కింద నీళ్లు జారాయి.

"దేవుని తోడు చిన్నమ్మా, అబద్ధం చెప్పిన."

"అప్పుడు చెప్పలే. ఇప్పుడు చెప్తానవ్. నా పానం ఖరాబైతదని నీ ఫికర్."

నా జీవితంలో పూర్తి నిజం చెప్పిన సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి. దానికి ఫలితంగా ఒక పరాయి దేశపు ముసలామెను చంపినవాణ్ణయ్యాను. నేను ఇంకా ఏదో అనబోతుంటే మా చెల్లె, "అన్నా, జర నువ్వు ఊకో" అంది. ఆమె అప్పటికే ఫోన్‌లో ఆ ఆటగాడి పేరు వెతుకుతోంది. వీడియో కింద ఉందట. చూడాలని నాకు తోచలేదు. రెండు నిమిషాలకు ఫోన్ తీసుకెళ్లి తల్లి కళ్లముందు పెట్టింది.

ఫొటోలో బట్టతలాయన ఉన్నాడు. గడ్డం తెల్లబడింది, పొట్ట వచ్చింది. పక్కన చక్రాల కుర్చీలో బక్కచిక్కిన ముసలామె, ముందు కేకు. తల్లి తొంభయ్యో పుట్టినరోజని కింద రాసి ఉందట.

చిన్నమ్మ ఫోన్‌ను దగ్గరికి తీసుకొని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తీసుకొని చూసింది. "బతికింది!" అంది. నా వైపు తిరిగి, "బతికిందని చెప్పడానికి నీ నోరేం పోయింది?" అని కసిరింది. తర్వాత ఆమె మొహం మారిపోయింది.

"మరి మొక్కు ఉండిపాయెనే!"

ఆ రోజు హాలులో ఆమె మరియమాతకు మొక్కుకుందట. ఆ తల్లి బతికితే మా ఊరి చర్చి చుట్టూ మోకాళ్ల మీద ఒక చుట్టు తిరుగుతానని. బతికిందో లేదో తెలియక మొక్కు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు తెలిసింది.

"ఆ మోకాళ్లతోనా? మెట్లెక్కనీకే వస్తలేదు నీకు" అంది కూతురు, నర్సు గొంతుతో.

"నాకెరుకనే. ఇంట్లోళ్లెవరన్న తిరిగినా చెల్లుతది" అంది చిన్నమ్మ. ముగ్గురు ఆడవాళ్లు, నా భార్యతో సహా, ఒకేసారి నన్ను చూశారు.

రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున నేను మా ఊరి చర్చి చుట్టూ మోకాళ్ల మీద నడుస్తున్నాను. చిన్నమ్మ పక్కనే నడుస్తూ నా నెత్తిమీద గొడుగు పట్టింది. నా చిన్నప్పుడు చర్చి చిన్నదిగానే ఉండేది. ఈ మధ్య చందాలు పోగుచేసి పెద్దగా కట్టారు. చుట్టూ గ్రానైటు పరుస్తామని కమిటీవాళ్లు అనుకున్నారట కానీ ప్రస్తుతానికి కంకరతోనే సరిపెట్టారు. పూజకు వచ్చిన జనం ఆగి చూశారు. పాపం ఏం కష్టమొచ్చిందో అని ఒకామె పక్కామెతో అంది. ఇప్పటి ఫాదర్ మెట్లమీద నిలబడి, ఎవరి కోసమండీ అని చక్కటి తెలుగులో అడిగాడు. "ఒక ఆటగాడి తల్లి బతికినందుకు ఫాదర్" అని చిన్నమ్మే జవాబిచ్చింది. ఆయన నన్ను చూసి గౌరవంగా తలవంచాడు.

వెనకవైపు నీడలోకి వచ్చాక కాసేపు ఆగాను. చిన్నమ్మ గొడుగు మూసింది.

"ఆ దినం నాకు మా అమ్మనే కనవడ్డది" అంది. "అమ్మ కోసం ఏడుద్దామంటె పొద్దంత పని. ఇంటికాడ పిల్ల. అత్తగారింట్ల ఏడిస్తే అపశకునమంటరు. నువ్వు ఆయన తల్లి అన్నవు సూడు, ఇగ నాకు ఆగలే."

"నాకు సుత అమ్మమ్మనే యాదికొచ్చి అన్న చిన్నమ్మా" అన్నాను.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. అది ఓదార్పా, లే లే ఇంకా సగం ఉంది అనడమా అన్నది నాకు తెలియలేదు. సగం ఉన్న మాట మాత్రం నిజం.

ఒక చుట్టు పూర్తిచేసి లేచేసరికి ప్యాంటు రెండు మోకాళ్ల దగ్గరా చిరిగింది. మా చెల్లె కారు డిక్కీలోంచి ముందే తెచ్చిపెట్టుకున్న దూది తీసి మందు పూసింది. పూస్తున్నంతసేపూ నవ్వు ఆపుకోలేదు. చిన్నమ్మ లోపల కొవ్వొత్తి వెలిగించి, చాలా తేలికపడిన మొహంతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. వర్ధన్నపేట దాటేలోపే నిద్రపోయింది.

సోమవారం కాలేజీలో కుర్చీలో కూర్చొనే పాఠం చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లో ఒక సహోద్యోగి, కుంటుతున్నారేంటి సార్ అని అడిగాడు. ఫుట్‌బాల్‌లో తగిలిందని చెప్పాను. ఆయన నా మోకాళ్లను, తర్వాత నా పొట్టను చూసి, మర్యాద తెలిసినవాడు కాబట్టి, నమ్మినట్టు తలూపి తన చాయ్ తాను తాగాడు.